నిండని దోసిలి

"అమ్మా! ముహూర్తం పెట్టిన్రే! వచ్చే గురువారమే గృహప్రవేశం!"

ఫోన్లోంచి వర్షిణి కేక వినగానే చంద్రకళ చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. మూకుడులో ఎండుమిరపకాయలు మాడిపోతున్నా ఆమెకు పట్టలేదు. కూతురు సొంతింట్లో పాలు పొంగించబోతోంది! మిర్యాలగూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో కాపురం మొదలుపెట్టారు పిల్లలిద్దరూ. అల్లుడు శ్రీకాంత్ రైస్ మిల్లులో సూపర్‌వైజరు. ఆదివారం వస్తే చాలు, బండేసుకుని వెళ్లి లేస్తున్న గోడలను చూసి వచ్చేవారు. వంటింటికి కిటికీ పెడితే ఫోను, తలుపుకు గొళ్లెం బిగిస్తే ఫోను, గోడకు మొదటి మేకు కొడితే ఫోను! కొత్త కాపురంలో ప్రతిదీ పండగే కదా... గొళ్లెం చప్పుడు కూడా గజ్జెల చప్పుడులాగే వినిపిస్తుంది!

"వంటింటి గట్టు సరిగ్గా నా ఎత్తుకే కట్టించిండమ్మా మీ అల్లుడు! నన్ను గోడకు నిలబెట్టి సుద్దముక్కతో గీత గీసిండు తెల్సా!"

"అబ్బో! అదృష్టవంతురాలివే తల్లీ! మీ నాన్న ఇన్నేళ్లలో నా ఎత్తెంతో చూసిన పాపాన పోలేదు!" చంద్రకళ పకపకా నవ్వింది.

వర్షిణి కూడా నవ్వింది. కానీ ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"ఇంకో మాట అమ్మా... మా అత్తమ్మ అడగమన్నది. మూడో ఏడు ఒడిబియ్యం ఇంకా పొయ్యకపోతిరి. ఓసారి మూఢమంటివి, ఇంకోసారి నాన్నకు సెలవు దొరకలేదంటివి. 'మీ అమ్మకు బిడ్డ ఒడి నింపే తీరిక లేదా' అంటుంటే నాకు తల కొట్టేసినట్టు అయితాంది. గృహప్రవేశం నాడన్న పోస్తరు గదా?"

"పోస్తామే... ఎందుకు పొయ్యం!"

"మొదటి దోసిలి నువ్వే పొయ్యాలె అమ్మా! నీ చేత్తోనే!"

ఫోన్ పెట్టేశాక చంద్రకళ పొయ్యి ఆర్పి, అక్కడే కూర్చుండిపోయింది. ఇందాకటి నవ్వు పెదాల మీదే గడ్డకట్టింది...

పసుపు కలిపిన బియ్యం తల్లి రెండు చేతులా దోసిలి నిండా తీసి, పీట మీద కూర్చున్న కూతురి ఒడిలో పోయాలి. ఒక్క గింజ కూడా నేల మీద పడకూడదంటారు పెద్దలు. తల్లి పోశాకే మిగతా ముత్తైదువలు పోస్తారు. దోసిలి పట్టాలంటే రెండు అరచేతులూ ఆకాశం వైపు తిరగాలి. చంద్రకళ కుడి అరచెయ్యి మూడేళ్లుగా ఆకాశాన్ని చూడలేదు!

ముంజేతి ఎముక విరిగి, వంకరగా అతుక్కుంది. మణికట్టు దగ్గర గరిటె కాడలా వంపు తిరిగి, చెయ్యి సగం వరకే తిరిగి ఆగిపోతుంది. బలవంతంగా తిప్పితే మోచేతి దాకా నిప్పు పాకుతుంది. తడిబట్ట పిండలేదు. పాలగిన్నె దించలేదు. తాళం చెవి తిప్పాలంటే ఒళ్లంతా పక్కకు వంచాలి. అన్నం ముద్ద నోటి దాకా రాదు, నోరే ముద్ద దాకా వెళ్లాలి! అందుకే పెళ్లిళ్లకు వెళ్తే "ఉపవాసం" అని చెప్పి విస్తరి ముందు కూర్చోదు. వర్షిణి ఇంటికొచ్చినా, అందరూ తిన్నాకే వంటింట్లో ఒంటరిగా తింటుంది. గుళ్లో తీర్థం పోస్తుంటే ఎడమచెయ్యి పైకెత్తి, పూజారి ముఖం చిట్లిస్తే తలదించుకుంటుంది. చలికాలం వచ్చిందంటే చెయ్యి తనది కానట్టే ఉంటుంది.

భర్త భాస్కర్ మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర పని చేస్తాడు. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు తువ్వాళ్లు పిండి ఆరేసి, పచ్చడి జాడీ మూత వదులు చేసి పెట్టి, ఆమె జాకెట్టు హుక్కులు పెట్టి మరీ వెళ్తాడు. "కొత్త పెళ్లికొడుకునైపోయిన గదనే ఈ వయసుల!" అని వెనకనుంచి చిన్నగా నవ్వుతాడు కూడా. ఆ క్షణం చంద్రకళకు ఎంత హాయిగా ఉంటుందో... అంత సిగ్గుగానూ ఉంటుంది. ఎందుకంటే ఆయనకు తెలియదు. ఎముక ఎలా విరిగిందో తెలుసు గానీ, ఎందుకు వంకర పోయిందో తెలియదు!

వర్షిణి పెళ్లికి రెండు వారాల ముందు జరిగిందది. కడిగిన వరండాలో కాలు జారి, చెయ్యి ఆనించి కూర్చుండిపోయింది చంద్రకళ. పడటం కూడా కాదు, జారి కూర్చోవడమే! అంత మాత్రానికే ముంజేతి ఎముక పుటుక్కుమంది. సూర్యాపేట దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి పెదవి విరిచింది. "ఇంత చిన్న దెబ్బకు ఇట్లా విరగొద్దమ్మా. నీ ఎముకలు గుల్లబారినయ్. పిండికట్టు ఆరు వారాలు ఉండాలె. తర్వాత ఎముకల బలం పరీక్ష చేసి మందులు మొదలుపెడదాం. తప్పకుండా రావాలె" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. చంద్రకళ తలూపింది. పెళ్లిపనుల్లో ఆ మాటలన్నీ చెవి పక్కనుంచే వెళ్లిపోయాయి.

గాజుల రోజు వచ్చింది. గాజులామె గంప దించి అందరికీ పెళ్లిగాజులు తొడుగుతోంది. ఆకుపచ్చ, ఎరుపు, బంగారు పొడి చల్లినవి... ఇల్లంతా గలగలలే! అప్పుడే భాస్కర్ అక్క బాలనర్సమ్మ చంద్రకళ చెయ్యి చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, గిదేంది చంద్రా! బిడ్డను అప్పగించే తల్లివి, ఓ చేతికి గాజులు లేకుంట కూసుంటవా? బోసిచేత్తోని ఒడిబియ్యం పోస్తవా? మగపెళ్లోల్లు ఏమనుకుంటరు!"

"డాక్టరమ్మ తియ్యొద్దన్నది వదినా..."

"డాక్టరమ్మకేం ఎరుక మన పద్ధతులు? జర నాలుగు రోజులు తీసి మల్ల కట్టించుకుందువు తియ్యి!"

స్నానాల గదిలో గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో చెయ్యి నానబెట్టి, బట్టల కత్తెరతో పిండికట్టును వదినా మరదళ్లు ఇద్దరే కోసేశారు. చేతినిండా గాజులు పడ్డాయి. వాచిన మణికట్టు మీదుగా గాజులు ఎక్కుతుంటే పళ్లు బిగబట్టింది చంద్రకళ. అప్పగింతల వేళ ఆ చేత్తోనే, ఆ విరిగిన ఎముకతోనే, దోసిలి పట్టింది... లోపల ఏదో పక్కకు జరిగినట్టయింది. కళ్లనీళ్లు కారాయి. బిడ్డను పంపుతూ ఏడుస్తోందని అందరూ అనుకున్నారు!

"డాక్టరమ్మే తీసింది, మానిపోయింది" అని భర్తకూ కూతురికీ చెప్పింది. మళ్లీ కట్టించుకోలేదు. తిడుతుందని భయపడి ఆ డాక్టరమ్మ దగ్గరకు మళ్లీ పోలేదు. చెయ్యి వంకర తిరుగుతుంటే "వయసు కదండీ, అట్లనే అతుకుతదట" అంది. అబద్ధానికి అబద్ధం తోడైంది...

సోమవారం మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు. చంద్రకళ పళ్లెంలో బియ్యం పోసుకుని నేల మీద కూర్చుంది. ఎడమచెయ్యి దోసిలికి సిద్ధంగా వచ్చింది. కుడిచెయ్యి అంచులా నిలబడిపోయింది. మధ్యలో సందు... అందులోంచి బియ్యం సర్రున జారిపోయాయి. భుజం వంచి చూసింది. మోచెయ్యి పొట్టకు ఆనించి చూసింది. మళ్లీ జారాయి. ఆ గింజలను చూస్తుంటే ఆమెకు దుఃఖం ఆగలేదు. "నాలుగు వారాలు... ఇంకో నాలుగు వారాలు ఓపిక పట్టి ఉంటే! గాజుల కోసం చెయ్యే పోగొట్టుకున్నానా!" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏందే ఇది? ఇంట్ల బియ్యం వాన కురిసిందా!"

గుమ్మంలో బాలనర్సమ్మ! ఒడిబియ్యానికి సాయం చేద్దామని సూర్యాపేట నుంచి బస్సు దిగి వచ్చింది. చేతిలో ఎండుకొబ్బరి కుడుకల సంచి. నేలంతా చెదిరిన బియ్యం, ఎర్రబడిన మరదలి కళ్లు... చూసింది. నాలుక చివర ఉన్న రెండో వెటకారం అక్కడే ఆగిపోయింది.

"దోసిలి పడతలేదా?"

చంద్రకళ తల అడ్డంగా ఊపింది.

"వదినా... నీకు దండం పెడతా! మొదటి దోసిలి నువ్వు పొయ్యి. నాకు జ్వరమొచ్చి చెయ్యి వణుకుతోందని చెప్తా. పిల్ల ఒడి ముందు బియ్యం ఒలికితే వాళ్లత్త ఏమంటుందో! కొత్తింట్లో అరిష్టం అంటే... నేను తట్టుకోలేను వదినా!"

బాలనర్సమ్మ మాటకు మాట అప్పజెప్పే మనిషి. బస్సులో కండక్టరును కూడా వదలదు. అలాంటిది ఆ రోజు నేల మీద కూర్చుని, ఒక్కొక్క గింజా ఏరి పళ్లెంలో వేసింది. చివరికి "సరే తియ్యి, పోస్త" అంది. అంతే. కానీ సాయంత్రం బియ్యానికి పసుపు పట్టిస్తూ ఎందుకో పదే పదే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

గురువారం వచ్చేసింది. కొత్తింటి నిండా రంగుల వాసన, బంతిపూల వాసన, పొంగిన పాల వాసన! వర్షిణి కాళ్లకు పసుపు రాసుకుని గదిగదికీ తిరిగి స్విచ్చులు వేసి ఆర్పుతోంటే, "కరెంటు బిల్లు నాకు కాదు, నీకే వస్తది!" అని శ్రీకాంత్ ఆటపట్టించాడు. చంద్రకళ వంటింటి గట్టును తడిమి చూసింది. అవును, సరిగ్గా కూతురి ఎత్తే! ఆ ఒక్క క్షణం చేతి నొప్పి మర్చిపోయింది.

"రండ్రి, ఒడిబియ్యం పోద్దాం!" అని వియ్యపురాలు కృష్ణమ్మ పిలిచింది.

వర్షిణి పీట మీద కూర్చుని ఒడిలో కొంగు పరిచింది. పక్కన శ్రీకాంత్. ముత్తైదువలంతా చుట్టూ చేరారు. పసుపు బియ్యం గంప ముందుకు వచ్చింది. బాలనర్సమ్మ ముందుకు వంగి దోసిలి నింపింది.

"అత్తా, ఆగు!" వర్షిణి చేతులు అడ్డంపెట్టింది. "అమ్మేది?"

"మీ అమ్మకు జ్వరం బిడ్డా..."

"పొద్దున నుంచి తిరుగుతనే ఉన్నది గదా! జ్వరమేంది?" వర్షిణి తల్లి వైపు చూసింది. ఆ చూపులో పెళ్లికూతురి కళ ఎక్కడికో ఎగిరిపోయింది. "అమ్మా! ఏడాది నుంచి ఏదో ఒక సాకు... నేనంటే నీకు అంత బరువైపోయిన్నా? ఒక్క దోసిలి బియ్యం... నీ చేత్తో..."

కృష్ణమ్మ మూతి తిప్పింది. "బిడ్డ ఒడి నింపనీకి తల్లికి చేతులు రాకపోతే మేమేం చేస్తం వదినా!"

చేతులు రాకపోతే! ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. చంద్రకళ కుడిచెయ్యి కొంగు చాటుకు లాక్కుంది. నిజం చెబితే వదిన పరువు పోతుంది. చెప్పకపోతే కూతురి మనసు విరుగుతుంది. ఏది పోగొట్టుకోవాలి దేవుడా!

దోసిలిలోని బియ్యం తిరిగి గంపలో పడిన చప్పుడు వినిపించింది. బాలనర్సమ్మ వర్షిణి ముందు కూలబడింది.

"దాన్ని అనకు బిడ్డా! అనాలంటే నన్ను అను! దాని చెయ్యి తిరగదు. దోసిలి పట్టనీకి రాదు. ఆ చెయ్యి ఖరాబు చేసింది నేను! నీ పెండ్లికి పిండికట్టు కోయించింది నేను! బోసిచెయ్యి అరిష్టమని గాజులేయించిన... విరిగిన బొక్కతోని నీకు ఒడిబియ్యం పోసింది మీ అమ్మ. మూడేండ్లాయె, నా పేరు ఒక్కరికి చెప్పలే! నేను తిన్నగా తింటున్న, తిరుగుతున్న... అది ముద్ద నోట్ల పెట్టుకోనీకి తల వంచుతాంది. నేను చూసి కూడ చూడనట్టు ఉన్న..." అంటూ కొంగు నోట్లో కుక్కుకుని బావురుమంది.



భాస్కర్ ముందుకు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "డాక్టరమ్మే తీసిందన్నవ్ గదా చంద్రా..."

"మీరు పెళ్లి పనుల్లో పరేషాన్‌గా ఉన్నారు... ఎందుకులే అని..."

"పెండ్లి అయిపోయి మూడేండ్లయింది! రోజూ హుక్కులు పెట్టిన, బట్టలు పిండిన... చెయ్యి ఎందుకిట్లయిందని ఒక్కనాడు, ఒక్కనాడన్న గట్టిగ అడగకపోతి గదా!" కాటా మీద లారీ బరువు కిలోతో సహా చెప్పే మనిషి, ఇంట్లో మనిషి మోస్తున్న బరువు తెలుసుకోలేకపోయానని తల పట్టుకున్నాడు.

వర్షిణికి పెళ్లి ఫొటో గుర్తొచ్చింది. అమ్మ చేతులనిండా గాజులు! "మా అమ్మ ఎంత కళగా ఉన్నదో చూడు" అని స్నేహితురాళ్లందరికీ చూపించి మురిసిపోయింది తను. ఆ గాజుల కింద ఇంకా అతకని ఎముక ఉందని... ఆ నవ్వు వెనక పళ్లు బిగబట్టి ఉన్నాయని... "అమ్మా!" అంటూ తల్లి నడుముకు చుట్టుకుపోయింది. "నాకెందుకు చెప్పలేదే! గాజులు లేకపోతే నేను నీ బిడ్డను కాకపోతానా? నిన్ను ఎన్ని మాటలంటి అమ్మా..."

"నీ పెళ్లిరోజు నీ ముఖంలో నవ్వు చూడాలనుకున్నానే... అంతే." చంద్రకళ కూతురి తల నిమిరింది. ఎడమచేత్తోనే.

కృష్ణమ్మ కళ్లు తుడుచుకుంటూ దగ్గరకొచ్చింది. "నోరు జారిన వదినా. తెల్వక అన్న. మనసుల పెట్టుకోకు. ఇగ మీ ఆడబిడ్డనే పోస్తది తియ్యి, తప్పేం లేదు."

"లేదత్తమ్మా!" వర్షిణి లేచి, పీటను చరచరా తల్లి వైపు జరిపింది. "అమ్మా, నువ్వు ఎదురుగా కూర్చో. ఇంకా దగ్గరికి రా. ఇంకా... మోకాళ్లు తగలాలె." బియ్యం గంపను ఎత్తి ఏకంగా తన ఒళ్లోనే పెట్టుకుంది. "ఇప్పుడు తీసి పొయ్యి."

"ఒలుకుతయ్యే తల్లీ..."

"ఒలకనీ! ఎక్కడ ఒలుకుతయ్? నా ఒళ్లోనే గదా!"

చంద్రకళ రెండు చేతులూ గంపలో పెట్టింది. ఎడమ అరచెయ్యి పైకి తిరిగింది. కుడిచెయ్యి వచ్చినంత వరకే వచ్చి అంచులా ఆగింది. పసుపు బియ్యం పైకి లేచాయి. సందులోంచి జారాయి... బిలబిలమంటూ వర్షిణి కొంగులోకి, చీర కుచ్చిళ్లలోకి, గాజుల మీదకి. దోసిలి నిండలేదు. ఒడి మాత్రం నిండుతోంది! నేల మీద ఒక్క గింజ పడలేదు. ముత్తైదువల్లో ఒకావిడ "నిండుగ ఉండు బిడ్డా" అని మెల్లగా అంది. శ్రీకాంత్ తన పంచె అంచు కూడా పట్టి భార్య కొంగు కింద ఆసరా ఇచ్చాడు.

తల్లి పోశాక బాలనర్సమ్మ పోసింది. ఏడుస్తూనే పోసింది.

భోజనాలు అయ్యేసరికి ఎండ కొత్తింటి గుమ్మం దాటింది. చంద్రకళ ఆ రోజు విస్తరి ముందు కూర్చుంది. అందరి ముందూ తల వంచే తిన్నది. ఎవరూ వింతగా చూడలేదు. పప్పు, బెల్లం పరమాన్నం ఎంత రుచిగా ఉన్నాయో! అయినా మనసు లోపల ఒక మూల కలుక్కుమంటూనే ఉంది. ఈ వంపు ఇక పోదు. రేపు మనవడో మనవరాలో పుడితే, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసి, ఒడుపుగా బోర్లా తిప్పడానికి ఈ చెయ్యి రాదు. గాజులు ఎన్ని పగిలాయో, ఎన్ని మారాయో... ఎముక మాత్రం ఒక్కటే కదా! ఆ నాలుగు వారాలు మళ్లీ ఎవరిస్తారు?

వర్షిణి పక్కకు వచ్చి కూర్చుని తల్లి కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకుంది. వంపు మీద వేలితో మెల్లగా రాసింది.

"ఆ డాక్టరమ్మ ఎముకలు గుల్లబారినయ్, ఏదో పరీక్ష చెయ్యాలె అన్నదని అప్పుడన్నవ్ గదా. మల్లా పోయినవా?"

"ఏ ముఖం పెట్టుకుని పోను? కట్టు కోసుకున్నానంటే తిడుతుందని..."

"ఎముకలు గుల్లబారినయంటే ఒక్క చెయ్యితోనే ఆగుతదా అమ్మా? రేపు నడుం మీద పడితే? తుంటి విరిగితే? విరిగిన చెయ్యి తిరిగి రాదు... సరే. మిగిలిన ఎముకలన్నా మాకు ఉంచవా?" ఆమె కళ్లలో మళ్లీ నీళ్లు.

భాస్కర్ దగ్గరికి వచ్చాడు. "రేపు నేను సెలవు పెడుతున్న."

"రేపు నేనొచ్చి తిట్లు తింట తమ్మీ!" బాలనర్సమ్మ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "డాక్టరమ్మ ఎన్ని తిట్లు తిట్టినా నాకే. మొన్న మెట్లు దిగుతుంటే నా నడుం కూడ కలుక్కుమన్నది. ఎవరికీ చెప్పలే. నన్ను గూడ చూడుమంట."

"అయితే నేను కూడ వస్త వదినా!" కృష్ణమ్మ లోపలినుంచి కేకేసింది. "మోకాళ్లు నావి గూడ బాగలేవు!"

వర్షిణి కన్నీళ్లలోంచే నవ్వింది. శ్రీకాంత్ వైపు తిరిగి, "ఇగో, మిల్లుకు ఫోన్ చేసి సెలవు చెప్పు. రేపు పొద్దుగాల టిఫిన్ తినంగనే బయలుదేరుతున్నం. అమ్మ, నాన్న, నర్సత్త, అత్తమ్మ, మనం... అందరం సూర్యాపేట దవాఖానకే!" అంది.